పదిహేడో నంబరు పనిముట్టు

"రాతి గొడ్డలి - ఒకటి - పనికివచ్చును."

నేను ఇంతవరకూ చేసిన తప్పుల్లో ఇంత మంచి దస్తూరీతో చేసింది మరొకటి లేదు. శృంగవరపుకోటకి అయిదు మైళ్ళ అవతల, కొండల అంచున ఉన్న ఒక ఊళ్ళో, ప్రభుత్వం వారి పనిముట్ల రిజిస్టరులో నల్ల సిరాతో ఈ నాలుగు మాటలూ రాశాను. కింద స్కేలు పెట్టి గీత కూడా గీశాను. దాంతో ఒక ముసలమ్మ ఇంట్లో తరతరాలుగా ఉన్న రాయి సర్కారు సొత్తయి కూర్చుంది. దాన్ని మళ్ళీ ఆమె చేతిలో పెట్టడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది. ఇది జరిగి ఇంకా రెండేళ్ళు కాలేదు కాబట్టి వివరాలు మర్చిపోయానని తప్పించుకునే వీలు కూడా లేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. సివిల్ ఇంజనీరింగు డిప్లొమా చేతికొచ్చి పది నెలలు. నా దగ్గర ఉన్న ఆస్తి: డ్రాయింగు సామాన్ల పెట్టె ఒకటి, ఇండియన్ ఇంకు సీసా ఒకటి, వెర్నియర్ కాలిపర్సు ఒకటి, ప్రపంచంలో కొలవలేనిది లేదన్న నమ్మకం ఒకటి. మొదటి మూడూ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి.

పని, ఊరి చెరువు గట్టు ఎత్తు చేయడం. దానికి కావలసిన మట్టి, ఊరికి ఉత్తరాన గెడ్డవాగు ఒడ్డున ఉన్న ఒక దిబ్బ నుంచి తీయాలని మా ఇంజనీరు గారు జీపులోంచి దిగకుండానే వేలు చూపించి నిర్ణయించారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని రాకాసి దిబ్బ అంటారు. నేను కొలిచాను. పొడవు నూట ఎనభై అడుగులు, వెడల్పు తొంభై, ఎత్తు పదకొండు. రిజిస్టరులో మాత్రం మీటర్లలో రాయాలి. దేశమంతా మెట్రిక్ పద్ధతిలోకి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది కానీ ఆ సంగతి మా టేపుకి ఎవరూ చెప్పలేదు. నేను రోజూ సాయంత్రం ఆ దిబ్బని అడుగుల్లోంచి మీటర్లలోకి మోసేవాణ్ణి; కూలీలు దాన్ని గెడ్డ ఒడ్డు నుంచి చెరువు గట్టుకి మోసేవారు. ఇద్దరిలో ఎవరి పని తేలికో చెప్పలేను.

మూడో రోజు పార కింద ఖణేల్‌మంది. మట్టి దులిపి చూస్తే నున్నటి నల్లరాయి, అరచేయంత. ఒక కొస సన్నగా, రెండో కొస వెడల్పుగా, గొడ్డలి అంచులా పదునుగా ఉంది. మధ్యాహ్నానికి మరో మూడు దొరికాయి. కూలీలు తట్టలు దించి, దిబ్బ దిగి, వరసగా నిలబడ్డారు.

"ఏటయింది?" అన్నాను. నేనూ విజయనగరం పక్కవాణ్ణే. ఆఫీసులో "ఏమిటి" అంటాను, ఎండలో "ఏటి" అంటాను.

"పిడుగురాళ్ళు బాబూ," అన్నాడు మేస్త్రి. నలభై ఏళ్ళ మనిషి, నా చదువంటే ఆయనకి చాలా వినోదం. "పిడుగు పడ్డప్పుడు పైనుంచి వస్తాది ఇది. భూమిలోకి దిగిపోతాది. నాలుగు పడ్డ సోట అయిదోది పడదని ఏటి నమ్మకం? మేం తవ్వం."

పిడుగంటే విద్యుత్తు అనీ, దానికి బరువుండదనీ, రాయి ఉండదనీ పావుగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మరయితే సెట్టుని నిలువునా సీల్చేది ఏటి బాబూ, గాలా?"

కూలీలు నవ్వారు. చెట్టు ఎలా చీలుతుందో మా సిలబస్‌లో లేదు. పని ఆగింది.

పనిని మళ్ళీ నడిపించింది నా ఇంటావిడ. అంటే నేను అద్దెకున్న గది గల ముసలమ్మ. భర్త లేడు, రెండెకరాల చోడి (రాగి) చేను, ఒక ఆవు, అత్తవారింట్లో ఉన్న ఒక కూతురు. ఆమె దిబ్బ ఎక్కి, ఒక రాయి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూసి పారేసింది.

"ఇయి సచ్చిపోయిన పిడుగులు. మట్టిలో పడున్నాయి, పసుపు నేదు, కుంకం నేదు, ఏటి సేస్తాయి మిమ్మల్ని? తవ్వుకోండి. బతికున్నది మా ఇంట్లో ఉన్నాది."

ఇంటికెళ్ళి, ఉట్టి మీంచి దించి, పసుపుగుడ్డలో చుట్టిన రాయి తెచ్చి చూపించింది. అచ్చం అలాంటిదే. కూలీలు దానికి దణ్ణం పెట్టి పారలు పట్టుకున్నారు. ఇంజనీరు, ఓవర్సీరునైన నేను, మేస్త్రి కలిసి చేయలేని పనిని ఒక రాయి అరనిమిషంలో చేసింది. నేను ఆ అరనిమిషాన్ని పని ఆగిన సమయంలోంచి తీసివేసి రాసుకున్నాను.

ఆ రాయి ఏం చేస్తుందో వారం తరవాత ఒక రాత్రి ఆమే చెప్పింది. ఆడమనిషికి నొప్పులు మొదలవగానే గంధం సాన మీద నీళ్ళు చిలకరించి దీన్ని అరగదీస్తారు. వచ్చిన గంధాన్ని పొట్ట మీద రాస్తారు. బిడ్డ సుఖంగా దిగుతుంది. ఆమె అత్తగారికి అలాగే, ఆమెకీ అలాగే. ఒక్కసారే తప్పింది. కూతురి మొదటి కాన్పప్పుడు రాయి ఇంట్లో లేదు. పక్క ఊళ్ళో ఎవరిదో గేదె ఈనలేకపోతోందంటే ఇచ్చి పంపింది. గేదె బతికింది. కూతురి బిడ్డ బతకలేదు.

"ఆ రోజు ఒట్టు ఏసుకున్నాను బాబూ. ఇది మళ్ళీ గడప దాటదని. నా కూతురు గుంటకి ఇప్పుడు ఆరో నెల. ఆషాడంలో పురిటికి తెస్తాను."

ఈ మాట విని నేను చేయవలసిన పని రాయి తిరిగి ఇచ్చేయడం. చేసిన పని, "రెండ్రోజులు నా దగ్గరుంచు, కొలిచి ఇస్తాను," అనడం. అప్పటికి దిబ్బలో దొరికినవి పదహారు. ఇదీ చేరితే కొలతల పట్టిక నిండుగా ఉంటుందనిపించింది. ఆమె నా గది వంక ఒకసారి చూసి, "నీ గది మా ఇంట్లోదే కదా. నీ కాడుంటే గడప దాటినట్టు కాదు," అని ఇచ్చింది.

పొడవు పద్నాలుగు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు. ఒక పక్కన నడిమికి నున్నటి గుంట. అంచున చిన్న పెచ్చు లేచిన చోటు. మిగతా పదహారింటి మీదా ఇండియన్ ఇంకుతో అంకెలు వేసి, చెరిగిపోకుండా పైన వార్నిష్ పూశాను కాబట్టి, దీని మీదా వేశాను. 17. కాలిపర్సు పనిచోటి షెడ్డులో ఉంది కాబట్టి రాయిని షెడ్డుకి పట్టుకెళ్ళాను. గడప దాటించానన్న స్పృహ నాకు రాలేదు. గడప కొలతల్లో లేదు.

దొరికిన వస్తువుల్ని రిజిస్టరులో ఎక్కించమని ఇంజనీరు గారి ఆదేశం వచ్చింది. ఏ రిజిస్టరులో అన్నది ఆదేశంలో లేదు. నా దగ్గర ఉన్నవి హాజరు పట్టీ, కొలతల పుస్తకం, సిమెంటు రిజిస్టరు, పనిముట్ల రిజిస్టరు. గొడ్డలి మనిషి కాదు, మట్టి కాదు, సిమెంటు కాదు. కనక పనిముట్టు. నా తర్కంలో లోపం ఇప్పటికీ కనపడలేదు. గునపాలు, పారలు, దిమ్మిసల తరవాత, కొత్త పేజీలో, మధ్యలో అంకె తప్పకూడదని ముసలమ్మ రాయితో సహా, వరసగా ఎక్కించాను. "స్థితి" అన్న గడిలో మూడే మాటల్లో ఒకటి రాయాలి: పనికివచ్చును, మరమ్మతు చేయవలెను, పనికిరాదు. ఒక్కొక్కదానితో వెదురుబొంగు మీద కొట్టి చూశాను. తెగింది. అన్నిటికీ "పనికివచ్చును" అని రాశాను. తవ్వకం అయ్యేసరికి మొత్తం ఇరవై మూడు తేలాయి. ఇంజనీరు గారు తల ఎత్తకుండా పేజీ కింద సంతకం చేశారు. తల ఎత్తకుండా సంతకం చేయగలగడం మా శాఖలో సీనియారిటీకి గుర్తు.

ఇంజనీరు గారికి ఒక బావమరిది ఉన్నారు. శ్రీకాకుళంలో ఉంటారు, పాఠాలు చెబుతారు, ప్రాచీన చరిత్ర మీద వ్యాసాలు రాస్తారు. రాళ్ళ సంగతి ఎవరి భోజనాల దగ్గర ప్రస్తావనకి వచ్చిందో గాని ఒక శనివారం ఆయన మా ఇంజనీరు గారి జీపులో దిగారు. దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళజోడు తుడుచుకుని, మాట్లాడడం మొదలుపెట్టారు.

"దీన్ని మీరు దిబ్బ అంటున్నారు. ఇది దిబ్బ కాదు. ఇది మూడు వేల ఏళ్ళ కిందట ఒక సమాజం తన నాయకుణ్ణి ఆకాశానికి చూపించుకోవడానికి పోసుకున్న చిహ్నం. వేల చేతులు, వేల తట్టలు, ఒకే సంకల్పం!"

తట్టల విషయంలో మా మేస్త్రికి అభిప్రాయాలు ఉంటాయి. "వేల తట్టలు నిజమే బాబూ. తెల్లారగానే ప్రతి ఇంటి ఆడోళ్ళూ ఒక తట్ట తెచ్చి పోసుంటారు. బూడిద ఉన్నాది, ఎముకలున్నాయి, పగిలిపోయిన కుండలున్నాయి. మా ఊరి పెంటకుప్పలోనూ ఇయే ఉంటాయి. దాన్నీ మూడేల ఏళ్ళు ఎవరూ ముట్టకుండా ఒగ్గేస్తే ఇంతే అవుతాది."

పండితుడు గారు వైద్యుడు రోగిని చూసి నవ్వినట్టు నవ్వారు. బూడిద యజ్ఞాగ్ని అన్నారు, ఎముకలు బలి అన్నారు, కుండలు కావాలనే పగలగొట్టినవి అన్నారు. తరవాత షెడ్డులో గొడ్డళ్ళు చూశారు. వాటి అంచులు అరగలేదు కాబట్టి వాటితో ఎవరూ ఏమీ నరకలేదనీ, నరకని గొడ్డలి గొడ్డలి కాదనీ, అది అధికారానికి సంకేతమనీ చెప్పారు. వాడిక గుర్తులు లేని పనిముట్టే అసలైన పవిత్ర వస్తువట.

ఈ సూత్రం నాకు చాలా నచ్చింది. వెంటనే మా ఆఫీసుకి అన్వయించి చూశాను. వాడిక గుర్తులు లేనివి: పెట్టెలోంచి తీయని లెవెలింగు యంత్రం, ఇంజనీరు గారి ఎండటోపీ, ఇంజనీరు గారి అరచేతులు. సూత్రం సరిగ్గా సరిపోయింది.

అప్పుడాయన పదిహేడో నంబరు చేతిలోకి తీసుకున్నారు. గుంట మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా తిప్పారు.

"సూర్యబింబం," అన్నారు. "లోపల చూడు, ఎర్రటి ఛాయ. రక్తానికి ప్రతీక."

అది ముసలమ్మ ఏదో శుక్రవారం పెట్టిన కుంకం.

"సార్, అది ఈ దిబ్బలోది కాదు," అన్నాను.

"నాకూ అదే అనిపించింది. దూరదేశం నుంచి నాయకుడి కోసం తెప్పించి ఉంటారు."

"కాదు సార్, అది ఒక ముసలమ్మది."

ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే స్త్రీ నాయకత్వం!"

ఏ నిజం చెప్పినా దాన్ని ఆయన సిద్ధాంతం నమిలి మింగేస్తోంది. గొంతు పెంచి "ఇది ఆవిడ కూతురి కాన్పుకి కావాలి, ఇవ్వను," అని ఉండవలసింది. పక్కన ఇంజనీరు గారు నిలబడి ఉన్నారు, నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇరవై మూడు రాళ్ళనీ గోనెసంచిలో వేసి, పేపరు చుట్టి, నేనే జీపెక్కించాను. రసీదు మాత్రం తీసుకున్నాను. రసీదు తీసుకోవడంలో నేనెప్పుడూ వెనకాడను.

ముసలమ్మ ఆ రోజు శృంగవరపుకోట సంతకి వెళ్ళింది. సాయంత్రం ఎండుచేపల మూట దించుకుంటుంటే చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నీ గదిలో ఉంటాదన్నావు."

"కొలవడానికి షెడ్డుకి..."

"షెడ్డు ఇల్లేటి?"

అంతే. లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే నాకు చోడంబలి పోసింది. పక్కన ఎప్పుడూ ఉండే చింతకాయ పచ్చడి లేదు. ఆ మర్నాడూ లేదు. పచ్చడి లేని చోడంబలి ఎలా ఉంటుందో రెండున్నర నెలలు తిన్నవాడిగా చెబుతున్నాను: దానికి ఏ సంకేతార్థమూ అవసరం లేదు, సూటిగానే అర్థమవుతుంది.

ఇంజనీరు గారికి రెండు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోది "చూచితిని" అని తిరిగొచ్చింది. జ్యేష్ఠం దాటుతుండగా కూతురు పురిటికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. గుమ్మంలో కూర్చుని, నేను వచ్చినప్పుడల్లా నా చేతుల వంక చూసేది, ఏదైనా తెచ్చానేమోనని. ఒకసారి మాత్రం అడిగింది: "ఓవర్సీరు బాబూ, ఆ రాయి మా అమ్మకి ఇచ్చీనావా?" "తెస్తాను," అన్నాను. అనేశాను కాబట్టి, ఆదివారం ముసలమ్మని తీసుకుని శ్రీకాకుళం బస్సెక్కాను.

దారి పొడుగునా ఒళ్ళో ఒక మూట పెట్టుకుని కూర్చుంది. పండితుడు గారి ఇంట్లో కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, నేల మీద మూట విప్పింది. లోపల గంధం సాన. అద్దాల బీరువాలో పదిహేడో నంబరు ఒక్కటే విడిగా, ఎర్ర పట్టుగుడ్డ మీద ఉంది. దానికి కాగితం అంటించి ఉంది. రాయి కన్నా కాగితం పెద్దది.

"ఓపాలి ఇయ్యి బాబూ, ఆ గుంట ఏటో సూపిస్తాను," అంది.

ఆయన ఏ కళనున్నారో, ఇచ్చారు. ఆమె సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, రాయిని ఆనించి, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. సాన నడిమి ఉబ్బు, రాతి గుంటలో కాలు చెప్పులో దూరినట్టు దూరింది.

"మా అత్త అరగదీసినాది, ఆళ్ళ అత్త అరగదీసినాది, నాను అరగదీసినాను. అరిగిపోనాది. సూరీడూ నేదు, సెంద్రుడూ నేదు."

వాడిక గుర్తులు లేని రాయి! నేను జేబులోంచి కాలిపర్సు తీసి గుంట లోతు చూసి, "మూడు మిల్లీమీటర్లు సార్," అన్నాను. నా సాయం ఎవరికీ అక్కర్లేకపోయింది. పండితుడు గారు నీరుగారిపోతారనుకున్నాను. ఆయన నోటుబుక్కు తెరిచారు.

"అద్భుతం! అంటే ఈ ఆచారం ఈనాటికీ సజీవంగా ఉందన్నమాట. అమ్మా, తిప్పేటప్పుడు ఏమైనా మంత్రం చదువుతారా? కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా?"

ఆమె అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. ఆయన నాలుగు పేజీలు రాసుకున్నారు. అయ్యాక, చేయి చాచి రాయి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"ఇప్పుడు దీని విలువ రెట్టింపయింది. ఇది ఇక ఒక ఇంటిది కాదమ్మా, దేశానిది."

"దేశానికేటి బాబూ, కడుపా, పురుడా?" అంది ముసలమ్మ. "నువ్వు రాసుకున్నది నీకు. రాయి నాకు. ఇయ్యి."

ఇవ్వలేదు. కావాలంటే బావగారి చేత అధికారికంగా అడిగించమన్నారు. బావగారు అడగరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తిరుగు బస్సులో ఆమె సాన మూటని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. విజయనగరం దాటాక ఒక్క మాటంది: "కాళ్ళు కడుక్కుని మరీ ఎల్లినాను ఆళ్ళింటికి."

నా తెలివి చేయలేని పనిని నా తప్పు చేసింది. ఆషాఢం మొదట్లో, పనిముట్ల వార్షిక తనిఖీకి పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నారని కాగితం వచ్చింది. ఇంజనీరు గారు మొట్టమొదటిసారి రిజిస్టరుని తల వంచి కాకుండా కళ్ళు తెరిచి చూశారు.

"ఏమిటయ్యా ఇది?"

"రాతి గొడ్డళ్ళు సార్. ఇరవై మూడు."

"గవర్నమెంటు దగ్గర రాతి గొడ్డళ్ళు ఎందుకుంటాయి?"

"తమరు సంతకం చేశారు సార్."

రిజిస్టరులో ఉండి షెడ్డులో లేని పనిముట్టుకి ఆ సంతకం గల అధికారిదే పూచీ. బావమరిదికి పెద్ద ఉత్తరం వెళ్ళింది. అందులో చుట్టరికం ఎక్కడా లేదని నేను సాక్ష్యం చెప్పగలను, నేనే టైపు చేశాను. అయిదో రోజున గోనెసంచి తిరిగొచ్చింది. పదిహేడో నంబరుని ముసలమ్మకి ఇచ్చేస్తానని అడిగితే ఇంజనీరు గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. రిజిస్టరులో కొట్టివేత ఉంటే ఎందుకు కొట్టావని అడుగుతారు, అడిగితే మొదట ఎందుకు రాశావని అడుగుతారు. "తనిఖీ కానీ. తరవాత చూద్దాం."

తనిఖీ గురువారం. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ముసలమ్మ షెడ్డు గుమ్మంలో నిలబడింది. చీర కొంగు నడుముకి బిగించి ఉంది.

"గుంటకి నొప్పులొస్తన్నాయి. మంత్రసాని వచ్చినాది. నాను ఏడవడానికి రానేదు బాబూ. రాయి ఇస్తావా, నేదా? నేదంటే నేదని సెప్పీ, ఎల్లిపోతాను. అక్కడ శానా పనున్నాది."

రాయి నా వెనకే బల్ల మీద ఉంది, ఇరవై రెండు చచ్చిన పిడుగుల మధ్య. ఇచ్చేస్తే గంటన్నరలో వచ్చే తనిఖీ అధికారికి బల్ల మీద ఒకటి తక్కువ కనిపిస్తుంది. ఇవ్వకపోతే ఆమె మళ్ళీ రాదు. నేను ఏ వీరత్వమూ చూపించలేదు. నాకు రాని పని అది. నాకు వచ్చిన పనే చేశాను: రిజిస్టరు తెరిచాను. దాని చివర్లో "పని మీద ఇచ్చినవి" అని ఒక భాగం ఉంది. రోజూ పొద్దున్న అందులో వేలిముద్రలు వేయించుకుని గునపాలు, పారలు కూలీలకి ఇస్తాను. పనికివచ్చే ఏ పనిముట్టునైనా ఇవ్వవచ్చు. ఇది పనికివస్తుందని నేనే రాశాను, ఇంజనీరు గారు సంతకం చేశారు.

"వేలిముద్ర వెయ్యి," అన్నాను. "పని పేరు ఏటని రాయను?"

"పురుడని రాయి."

రాశాను. "తిరిగి ఇవ్వవలసిన తేదీ" అన్న గడిలో "పని పూర్తయిన పిమ్మట" అని రాశాను. కూలీ కానివాళ్ళకి ఇవ్వకూడదన్న నియమం ఏమైనా ఉందేమోనని వెతకబోయాను. తల ఎత్తేసరికి ఆమె లేదు.

తనిఖీ అధికారి సన్నటి మనిషి, సన్నటి పెన్సిలు. పారలు లెక్కపెట్టాడు, గునపాలు లెక్కపెట్టాడు. రాతి గొడ్డళ్ళ దగ్గరకొచ్చి ఒక్క క్షణం నా మొహం చూసి, ఏమీ అడగకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. రిజిస్టరులో ఉంది, బల్ల మీద ఉంది, ఆయనకి అది చాలు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"పదిహేడు?"

"పని మీద ఉంది సార్."

ఇంజనీరు గారు కుర్చీలో కదిలారు. అధికారి పేజీ తిప్పి వేలిముద్ర చూశాడు, పని పేరు చదివాడు, రెండోసారి చదివాడు. "పని మీదున్న వస్తువుని పనిచోట చూడాలి," అన్నాడు. "పదండి."

ఆయన, ఇంజనీరు గారు, మేస్త్రి, నేను వరసగా ముసలమ్మ ఇంటికి నడిచాం. గుమ్మంలో పక్కింటామె అడ్డంగా నిలబడింది.

"ఓలమ్మో, పురిటింటికి ఇంతమంది మగోళ్ళేటి?"

"తనిఖీ," అన్నాడు అధికారి.

"లోపల అంతకన్నా పెద్ద తనికీ అవుతున్నాది. కూకోండి అక్కడ."

అరుగు మీద కూర్చున్నాం. లోపలి నుంచి మూలుగు, మంత్రసాని గదమాయింపు, వాటి మధ్య సాన మీద రాయి తిరిగే చప్పుడు. గర్ర్, గర్ర్ మని, ఆగకుండా. నేను నిద్రపోయే గదికి పక్క గది అది. ఆ అమ్మాయి నా చేతుల వంక చూసే చూపు గుర్తొచ్చింది. రాయి వల్ల ఏమీ జరగదని నాకు తెలుసు. రాయి లేకుండా ఏమైనా జరిగితే అది ఎవరి వల్ల అంటారో కూడా తెలుసు, వాళ్ళనక ముందే నేననుకుంటానని కూడా. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్న ఇంజనీరు గారు దాని అంచుని గుండ్రంగా తిప్పుతున్నారు. ఆయనకి ముగ్గురు పిల్లలు. మేస్త్రి ఒక్కడే స్థిమితంగా ఉన్నాడు.

చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ లేదు. ఆ "కాసేపు" ఎంతో నేను కొలవలేదు. తరవాత ఏడుపు వినపడింది, సన్నగా, కోపంగా. పదకొండు గంటల నలభై నిమిషాలు. కార్యకారణ సంబంధం ఉందని నేననడం లేదు. టైము మాత్రం రాసుకున్నాను.

ముసలమ్మ తడి చేతులతో బయటికి వచ్చి రాయిని అధికారి ముందు పెట్టింది. "ఇదిగో మీ గొడ్డలి. సూసుకోండి. ఆడపిల్ల."

పండితుడు గారి కాగితం ఊడిపోయింది. నా అంకె మాత్రం చెక్కుచెదరలేదు. అధికారి వంగి చూసి, 17 కి టిక్కు పెట్టాడు. "స్థితి?" అని నన్నడిగాడు.

"పనికివచ్చును సార్."

"తిరిగి ఎప్పుడిస్తుంది?"

జవాబు ఆమే చెప్పింది. "పని అవ్వందే ఎలగిస్తాను బాబూ? ఊళ్ళో ఇంకా నలుగురు కడుపుతో ఉన్నారు."

మర్నాడు పొద్దున్న నా చోడంబలి పక్కన పచ్చడి ఉంది. రెండు రకాలు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నా చదువుకి కొంత మర్యాద దక్కేది. నెల తిరిగేసరికి గెడ్డ అవతలి ఊరి నుంచి ఒకామె వచ్చి, కొంగులోంచి రాయి తీసి నా ముందు పెట్టింది. వాళ్ళింటి పిడుగురాయి. దానికీ నంబరు వేయాలట. పెద్ద ఆఫీసర్లు ముగ్గురు కాపలా కూర్చుంటే కాన్పయిన రాయికి నంబరుంది కదా! అది కేవలం వరస సంఖ్య అనీ, దానికి శక్తి లేదనీ పావుగంట చెప్పాను. ఆమె కూడా మేస్త్రి విన్నంత శ్రద్ధగా విన్నది. చివరికి జాబితా ప్రకారం 24 వేసి ఇచ్చాను. మూడో రోజున తిరిగొచ్చింది.

"ఇది పన్సెయ్యదు బాబూ. పదిహేడు ఎయ్యి."

వేశాను. ఆ తరవాత వచ్చిన ముగ్గురికీ కూడా వేశాను. పండితుడు గారి వ్యాసం ఎప్పుడో అచ్చవుతుంది. ఇంకో మూడు వేల ఏళ్ళకి ఆయనలాంటి మరొకరు ఆ ఊరి పెంటకుప్పలు తవ్వి, అయిదు రాళ్ళ మీద ఒకే అంకె చూసి, ఈ జాతికి పదిహేడు పవిత్ర సంఖ్య అని తేలుస్తారు. ఆయనకి నా అభినందనలు. సిద్ధాంతం తప్పు కాదు.

నాకు బదిలీ అయిన రోజున ముసలమ్మ నా పెట్టె సర్దడానికి వచ్చి, ఇండియన్ ఇంకు సీసా, కుంచె పక్కకి తీసి పెట్టుకుంది.

"ఇది నాకొగ్గీ బాబూ. నువ్వెళ్ళిపోతే నంబర్లు ఎవరేస్తారు?"

"నీకు రాయడం రాదు కదా!"

"సూపించు."

ఆమెకి అక్షరం ముక్క రాదు. నేల మీద సుద్దముక్కతో ఒక నిలువు గీత గీసి చూపించాను. పక్కన ఒక అడ్డగీత గీసి, దాని కొస నుంచి కిందికి వాలుగా ఇంకో గీత లాగాను. ఆమె మనవరాల్ని చంకన వేసుకునే వంగి, సుద్దముక్క తీసుకుని, పక్కనే గీసింది. ఏడు కొంచెం వంకరగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీసింది.

"ఇంతేనా బాబూ మీ సదువు?" అంది.

బస్సు వేళ అయింది. సీసా ఆమెకే వదిలేశాను. కుంచె కడగకపోతే గట్టిపడిపోతుందని మాత్రం రెండుసార్లు చెప్పాను.